చిన్నీ, పాస్‌వర్డ్ అడగనివ్వు

చిన్నీ,

మన ఊరి బడిలో 12 కంప్యూటర్లకి విండోస్ బదులు వాడే లైనక్స్ ఎక్కిస్తున్నావని అక్క ఫోన్లో చెప్తే ఎంత గర్వంగా అనిపించిందో, కానీ వెంటనే "మాటిమాటికీ పాస్‌వర్డ్ బాక్స్ వస్తోందట, రాకుండా చేసేస్తుందట" అంది, అక్కడ నా గుండె గుభేలుమంది.

పిల్లలకి మామూలు అకౌంట్లివ్వు, అడ్మిన్ నీ ఒక్కదానికే. అప్‌డేట్లు ఆపకు, అడ్మిన్ హక్కులతో ప్రోగ్రాములు నడిపే పీకేఎగ్జెక్‌లో 2009 నుంచీ ఉన్న లోపం 2022 జనవరిలో బయటపడింది, అప్‌డేట్ చెయ్యని మిషన్‌లో అకౌంటున్న ఎవడైనా దాంతో రూట్, అంటే సర్వాధికారి, అయిపోవచ్చు. అదే పనికి పాత జీకేఎస్‌యూ టూల్ వాడమని ఎవరైనా చెప్తే వినకు, లైనక్స్ రకాలైన డెబియన్, ఉబుంటు 2018లోనే దాన్ని తీసేశాయి.

ఇక నేను చేసిన తప్పు. కాలేజీ ల్యాబ్ చూసుకునే రోజుల్లో ప్రింటర్ జోడించాలంటే పిల్లలు ప్రతిసారీ నా దగ్గరికే పరిగెత్తుకొచ్చేవాళ్ళు, విసుగొచ్చి, ఆ పాస్‌వర్డ్ బాక్స్ ఎవరికి ఎప్పుడు రావాలో తేల్చే పోల్‌కిట్ రూల్స్ ఫోల్డర్లో ఓ ఫైల్ రాశాను. స్టూడెంట్స్ గ్రూప్‌లో ఉన్నోళ్ళు ఏమడిగినా యస్ అనెయ్యమని. ఏ పనికి అడుగుతున్నారో ఆ పని పేరు, అంటే యాక్షన్ పేరు, చూడమని రాయలేదు చూశావూ, ఆ ఒక్క షరతు లేకపోవడమే కొంప ముంచింది. మూడు వారాలు హాయిగా గడిచింది. తర్వాత ఓ అబ్బాయి పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చెయ్యబోయి డిస్క్స్ టూల్‌లో ఎడమ పక్క లిస్టులో పైన ఉన్న హార్డ్‌డిస్క్ ఎంచుకుని దాని పార్టిషన్ (డిస్క్‌లో ఓ భాగం) మీద నొక్కాడు. ఫార్మాట్ అన్న ఎర్ర బటన్ ఎలాగూ వస్తుంది, అది నొక్కడం వాళ్ళకి అలవాటే, పాస్‌వర్డ్ అడిగుంటే అక్కడ ఆగిపోయేవాడు. అడగలేదు. అందులో ఓ పిల్ల నాలుగు నెలల ప్రాజెక్ట్ ఉంది, సబ్మిషన్‌కి రెండ్రోజులు. ఏడవను కూడా ఏడవలేదు, స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంది. రికవరీకి రాత్రంతా తంటాలు పడ్డా సగం ఫైళ్ళే దొరికాయి, ఆ పిల్ల మొహం ఇప్పటికీ గుర్తొస్తుంది.

బుద్ధుందా నీకు, అన్నిటికీ ఒకేసారి తీసేస్తావా! టెర్మినల్లో పీకేయాక్షన్ అని కమాండ్ కొడితే యాక్షన్ల పేర్లన్నీ వస్తాయి, ప్రింటర్‌ది ఒక్కటే పట్టుకుని దానికి మాత్రం యస్ పెట్టు. నీకే విసుగైతే నీ పనులకి ఆ రూల్‌లో యస్ బదులు ఆత్ అడ్మిన్ కీప్ అని పెట్టుకో, ఒకసారి కొట్టాక కాసేపు మళ్ళీ అడగదు. డిస్కుల జోలికి మాత్రం పోవద్దు తల్లీ.

రూల్ రాశాక బడి తెరవకముందే నాకు ఫోటో పెట్టు. రాత్రి పదకొండైనా పర్లేదు, మేలుకునే ఉంటా.

మావయ్య