మూడేళ్ల నాటి వెన్నుపాము దెబ్బ: స్టెమ్ సెల్స్ కోసం పొలం అమ్మాలా?

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. మూడేళ్ల క్రితం గ్రానైట్ క్వారీలో పైనుంచి పడి వెన్ను విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. బొడ్డు నుంచి కిందికి స్పర్శ, కదలిక లేవు. స్టెమ్ సెల్స్, స్కాఫోల్డ్‌తో నడుస్తాడని, ఆరు లక్షలవుతుందని ఒకచోట చెప్పారు. పొలం అమ్మి చేయించమంటారా?
- ఒక సోదరి, చీమకుర్తి మండలం, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మకండమ్మా. మూడేళ్లు దాటిన దెబ్బకు మళ్లీ నడిపించే స్టెమ్ సెల్ (ఇతర రకాల కణాలుగా మారగల మూలకణం) చికిత్స ఇప్పటికి ఎక్కడా నిరూపణ కాలేదు.

బొడ్డు దగ్గర స్పర్శ ఆగిందంటే దెబ్బ వెన్నుపాములో టీ10 (ఛాతీ భాగంలోని పదో స్థాయి) దగ్గర ఉన్నట్టు. దెబ్బతిన్న కణజాలం చచ్చి కరిగిపోయాక అక్కడ నీటి తిత్తి మిగులుతుంది, చుట్టూ మచ్చ కడుతుంది. ఆ మచ్చలోని పదార్థాలు నరాల పోగుల్ని ముందుకు సాగనివ్వవు. స్కాఫోల్డ్ అంటే తీగకు వేసే పందిరి లాంటిది. కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తోనో, ఒంట్లో కరిగిపోయే పాలిమర్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతోనో చేసిన స్పాంజి ముక్కను ఆ ఖాళీలో పెడితే పోగులు దాన్ని పట్టుకుని పాకుతాయన్నది ఆశ. అమెరికాలో ఇలాంటి పాలిమర్ స్కాఫోల్డ్‌ను దెబ్బ తగిలిన కొద్ది రోజులకే పెట్టి చూశారు. 2023లో వచ్చిన ఫలితాల్లో మామూలు వైద్యం కన్నా మేలు కనిపించలేదు. పాత దెబ్బలో అయితే మచ్చను కోసి చోటు చేయాలి. ఆ కోతలో మిగిలిన మంచి పోగులు తెగితే స్పర్శ లేని హద్దు ఇంకా పైకి జరుగుతుంది, కూర్చునే పట్టు కూడా తగ్గుతుంది.

జపాన్ 2018లో షరతులతో అనుమతించిన కణాల చికిత్స దెబ్బ తగిలిన 31 రోజుల్లోపు వారికే. అక్కడి కీయో యూనివర్సిటీ 2025లో చెప్పిన ఫలితాలు కూడా రెండు నుంచి నాలుగు వారాల లోపు దెబ్బలవే. నలుగురిలో ఇద్దరికి కదలిక మెరుగైంది, కానీ పోల్చి చూసే రెండో గుంపు లేదు. ఇలాంటి వార్తలు చూపించి మీ తమ్ముడికీ అంతేనంటే నమ్మకండి.

నష్టం మాట కూడా వినండి. మీ తమ్ముడిలాగే టీ10 దగ్గర దెబ్బ తగిలిన ఒక అమ్మాయికి విదేశంలో ముక్కు లోపలి పొర కణాలు వెన్నుపాములో పెట్టారు. ఎనిమిదేళ్లకు అక్కడ చీమిడి ఊరే గడ్డ పెరిగింది, ఆపరేషన్ చేసి తీశారు. 2014లో ఇది వైద్య పత్రికలో వచ్చింది.

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము దెబ్బకు స్టెమ్ సెల్స్ ఇంకా పరిశోధనే. నమోదైన ట్రయల్‌లోనే (రోగుల మీద చేసే పరిశోధనలోనే) ఇవ్వాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఆరు లక్షలడిగిన వాళ్లను సీటీఆర్‌ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడగండి. ఇంకో సంగతి: ఒకసారి కణాలు ఎక్కించుకున్న వారిని చాలా ట్రయల్స్ చేర్చుకోవు. రేపు నిజంగా పనిచేసేది వచ్చినా దారి మూసుకుపోవచ్చు.

ఇప్పుడు చేయించాల్సింది: మలద్వారం దగ్గర స్పర్శ, బిగింపు ఉన్నాయేమో డాక్టర్ చేత పరీక్ష చేయించండి. ఏ కొంచెం ఉన్నా దెబ్బ పూర్తిది కాదని అర్థం, అప్పుడు ఫిజియోథెరపీ లెక్కే మారుతుంది. మీ వైపు వాళ్లు ఎలాగూ వెల్లూరు వెళ్తుంటారు కదా, సీఎంసీలో వెన్నుపాము రోగుల పునరావాస విభాగం ఉంది.

ప్రాణం మీదికి తెచ్చేవి మూత్రం, పుండ్లు. గొట్టం ఎప్పుడూ ఉంచే బదులు, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సబ్బుతో చేతులు కడుక్కుని కాథెటర్‌తో (సన్నని గొట్టంతో) మూత్రం తనే తీసుకోవడం నేర్పించండి. ఒకసారికి 500 మి.లీ. దాటితే ఇంకా త్వరగా తీయాలి. జ్వరం, చలి లేకుండా పరీక్షలో సూక్ష్మక్రిములు ఉన్నాయని మాత్రమే యాంటీబయాటిక్స్ వాడొద్దు. ఏడాదికోసారి కిడ్నీల స్కానింగ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించండి. మంచంలో రెండు గంటలకోసారి పక్క మార్చాలి. వీల్‌ఛైర్‌లో పావుగంట, అరగంటకోసారి ఒంటిని పక్కకో ముందుకో వంచి పిరుదుల మీద బరువు తీయాలి. రాత్రి పడుకునే ముందు అద్దంతో పిరుదులు, మడమలు చూసుకోవాలి. వేలితో నొక్కినా తెల్లబడని ఎర్రమచ్చ కనిపిస్తే అది తగ్గేదాకా దాని మీద బరువు పడనీయకండి.

స్పర్శ లేని హద్దు బొడ్డు నుంచి పైకి జరుగుతున్నా, చేతుల్లో కొత్తగా తిమ్మిరి, నొప్పి వచ్చినా తిత్తి పెరుగుతోందేమోనని వెంటనే ఎంఆర్‌ఐ చేయించి న్యూరోసర్జన్‌కు చూపించండి. అలాంటి తిత్తికి ఆపరేషన్ ఉంది. ఆలస్యమైతే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు.