మీటలు ఇవ్వాల్సిందే, కానీ ఏ మీట దేన్ని తెంపుతుందో పక్కనే రాయాలి

ప్రశ్న: "ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్లలో చేయి తిరిగినవాళ్లకు అడ్వాన్స్‌డ్ సెట్టింగులన్నీ తెరిచి ఇవ్వాలా? దాచేసి అంతా ఆటోమేటిక్‌గా నడిపితేనే మేలా?"

తెరిచి ఇవ్వాల్సిందే. మీ అప్‌లోడ్ ఎంత, అదే లైను మీద ఇంకెవరు పని చేసుకుంటున్నారు, ఏ ఫైలు పోతే మళ్లీ దొరకదు... ఇవి మీకు తెలుస్తాయి గానీ సాఫ్ట్‌వేర్‌కి తెలియవు. ఇవన్నీ తనంతట తాను కనిపెట్టి సరిగ్గా సర్దుకునే ప్రోగ్రాంని నేనింతవరకూ చూడలేదు.

చెన్నై సాలిగ్రామంలో తెలుగు సినిమా పనులు చేసే ఒక ఎడిటింగ్ గదిని ఊహించుకోండి. రోజూ 120 జీబీ ఫుటేజీ హైదరాబాద్ వెళ్లాలి. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కే మనిషి చేతికి హార్డ్ డిస్క్ ఇచ్చి పంపడం మానేసి రెండు ఊళ్ల కంప్యూటర్లలో ఒక ఫోల్డర్‌ని ఒకేలా ఉంచే సింక్‌థింగ్ అనే ప్రోగ్రాం పెట్టుకున్నారు. లైను అప్‌లోడ్ 50 ఎంబీపీఎస్ (సెకనుకు 50 మెగాబిట్లు; 8 బిట్లు ఒక బైట్). సింక్ మొదలైన నిమిషంలోనే పక్క గదిలో డైరెక్టర్‌తో నడుస్తున్న వీడియో కాల్ ముక్కలైపోతుంది. వెంటనే ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ కొడతారు. తప్పు లైనుది కాదు. అప్‌లోడ్ నిండిపోతే ప్యాకెట్లు రౌటర్‌లో బారులు తీరతాయి. ప్యాకెట్ అందిందని తిరిగి చెప్పే చిన్న ఎకనాలెడ్జ్‌మెంట్లు కూడా ఆ బారులోనే ఇరుక్కుంటాయి కాబట్టి డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది.

దీనికి మందు సింక్‌థింగ్ సెట్టింగుల్లోని అవుట్‌గోయింగ్ రేట్ లిమిట్, అంటే బయటికి పంపే వేగానికి హద్దు వేసే గడి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ప్లాను ఎంబీపీఎస్‌లో ఉంది కదా అని ఆ గడిలో 50 కొడతారు. ఆ గడి అడిగేది సెకనుకు ఎన్ని కిబీబైట్లని. ఒక కిబీబైట్ అంటే 1024 బైట్లు. 50 అని వేస్తే 120 జీబీ వెళ్లడానికి 27 రోజులు పడుతుంది. సరైన లెక్క ఇలా ఉంటుంది: 50 ఎంబీపీఎస్‌ని 8తో భాగిస్తే సెకనుకు 62,50,000 బైట్లు, దాన్ని 1024తో భాగిస్తే దాదాపు 6100. అందులో 80 శాతం, అంటే 4880 వేయండి. 120 జీబీ 6 గంటల 40 నిమిషాల్లో చేరుతుంది, కాల్ కూడా తెగదు. 0 అంటే ఆపేయడం కాదు, హద్దు లేదని. 80 శాతం అనేది స్పీడ్ టెస్టులో వచ్చిన అంకె మీద వేయాలి, బిల్లు మీద రాసిన అంకె మీద కాదు. అదే గదిలోని నాస్‌కి (నెట్‌వర్క్‌కి తగిలించిన స్టోరేజీ పెట్టె) వెళ్లే కాపీకి ఈ హద్దు మామూలుగా వర్తించదు, ఎందుకంటే లాన్‌లో (గది లోపలి నెట్‌వర్క్‌లో) కూడా పరిమితి పెట్టే టిక్ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. దాన్ని కదపొద్దు.

గడి పక్కన యూనిట్ రాసే ఉంటుంది, నిజమే. 50 కొట్టగానే "ఇది 0.41 ఎంబీపీఎస్" అని పక్కనే చూపించడానికి ఎంత కోడ్ కావాలి? అనుభవం ఉన్నవాళ్లకు మరిన్ని సెట్టింగులు ఇవ్వాలని అడిగేవాళ్లు ముందు దీన్ని అడగాలి.

ఆటోమేటిక్ చాలుననే వాళ్లు టొరెంట్ క్లయింట్లలోని (చాలామంది కంప్యూటర్ల మధ్య ఫైళ్లను ముక్కలుగా పంచుకునే ప్రోగ్రాంలు) యూటీపీని చూపిస్తారు. లైను రద్దీగా ఉంటే తనే తగ్గే ప్రోటోకాల్ అది. దాని వెనకున్న లెడ్‌బాట్ పద్ధతిని 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6817 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా ప్రచురించారు. అందులో అదనపు ఆలస్యానికి లక్ష్యం 100 మిల్లీసెకన్ల దాకా ఉండొచ్చు. బ్రౌజింగ్‌కి అది పట్టదు. మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది. మర్యాదగల ఆటోమేటిక్ కూడా మీ కాల్‌ని కాపాడలేదు, మీరు పెట్టిన హద్దే కాపాడుతుంది. క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ క్లయింట్‌లో స్పీడ్ పేజీలో ఆ హద్దు యూటీపీకీ ట్రాన్స్‌పోర్ట్ ఓవర్‌హెడ్‌కీ (ఫైలుతో పాటు పోయే అడ్రసులు, ఎకనాలెడ్జ్‌మెంట్ల లాంటి అదనపు డేటా) వర్తించేలా విడివిడిగా టిక్కులున్నాయి. ఓవర్‌హెడ్‌ది పెట్టకపోతే మీటర్ మీద వేగం మీరు వేసిన అంకెను దాటుతుంది. కంపెనీవాళ్లిచ్చే చిన్న రౌటర్ తట్టుకోలేక రీస్టార్ట్ అవుతుంటే కనెక్షన్ల సంఖ్య చూడండి. మొత్తం 500, ఒక్కో టొరెంట్‌కు 100 అనేవి క్యూబిట్‌టొరెంట్ డిఫాల్ట్‌లు. 200, 40 చేస్తే చాలా రౌటర్లు ఊపిరి పీల్చుకుంటాయి, వేగంలో తేడా తెలియదు.

ట్రాన్స్‌మిషన్ అనే వేరే టొరెంట్ క్లయింట్‌లో ఇంకో చిక్కు. డీమన్ (తెర వెనక నడిచే దాని ప్రోగ్రాం) నడుస్తుండగా సెట్టింగ్స్ ఫైలు మారిస్తే, అది ఆగేటప్పుడు తన పాత విలువలనే మళ్లీ రాసేస్తుంది. ముందు ఆపి, మార్చి, మళ్లీ మొదలుపెట్టాలి. ఈ ఒక్క ముక్క తెలియక గంటలు పోగొట్టుకున్నవాళ్లు లెక్కలేనంతమంది.

మళ్లీ సాలిగ్రామానికి వద్దాం, అసలు ప్రమాదం వేగంలో లేదు. ఫోల్డర్ రెండు వైపులా సెండ్ అండ్ రిసీవ్‌లో (మార్పులు పంపడం, తీసుకోవడం రెండూ) ఉంటే, హైదరాబాద్‌లో డిస్క్ నిండిందని ఒకరు ఫైళ్లు తీసేసిన కాసేపటికే చెన్నైలోనూ పోతాయి. చెన్నై వైపు సెండ్ ఓన్లీ, హైదరాబాద్ వైపు రిసీవ్ ఓన్లీ పెట్టండి. ఫైల్ వర్షనింగ్ ఆన్ చేశాం కదా అని ధీమా పడొద్దు. అది అవతలి నుంచి వచ్చిన మార్పుకు పాత కాపీ దాస్తుంది. అదే కంప్యూటర్ మీద మీ చేత్తో తీసేసినదాన్ని దాయదు. కెమెరా కార్డు నుంచి నేరుగా సింక్ ఫోల్డర్‌లోకి కాపీ చేయొద్దు, సగం ఫైలే బయల్దేరొచ్చు. అదే డ్రైవ్‌లో బయట ఫోల్డర్‌లో కాపీ పూర్తిచేసి, తర్వాత లోపలికి మూవ్ చేయండి.

సింక్‌థింగ్ తెర మీద అవతలి డివైస్ దగ్గర రిలే అని కనిపిస్తే వేగం ఎంత సెట్ చేసినా వృథా, డేటా మధ్యలో ఎవరి సర్వర్ మీదుగానో పోతోంది. రౌటర్‌లో వాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రసు) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు కంపెనీ నాట్ (చాలామంది కస్టమర్లకు ఒకే పబ్లిక్ అడ్రసు పంచే ఏర్పాటు) వెనక ఉన్నారు, పోర్ట్ ఫార్వర్డ్ (బయటి కనెక్షన్‌ని రౌటర్ లోపలి కంప్యూటర్‌కి పంపడం) చేసినా పనిచేయదు. హైదరాబాద్ వైపు పబ్లిక్ ఐపీ ఉంటే అక్కడి రౌటర్‌లో సింక్‌థింగ్ వాడే 22000 పోర్టుని టీసీపీ, యూడీపీ అనే రెండు పద్ధతులకూ తెరవండి. ఒక వైపు తెరిస్తే సరిపోతుంది.

సింక్‌థింగ్ అడ్వాన్స్‌డ్ పేజీ మీద ఒక ఫిర్యాదు. పైన ఒకే హెచ్చరిక, కింద బారెడు జాబితా. ఫైళ్ల మార్పు గమనించాక ఆగే 10 సెకన్లను 60 చేసినా అదే హెచ్చరిక, ఇగ్నోర్ డిలీట్ ఆన్ చేసినా అదే. మొదటిది తప్పైతే ఏమీ కాదు. రెండోది ఆన్ చేస్తే అవతల తీసేసినవి ఇవతల ఉండిపోయి రెండు వైపుల లెక్క ఎప్పటికీ కలవదు. భయం అంతటా ఒకేలా పెడితే ఎవరూ భయపడరు. ప్రమాదకరమైన మీట పక్కనే దాని పర్యవసానం రాయాలి. రాత్రి ఒక వేగం, పగలు ఒక వేగం పెట్టుకునే షెడ్యూలర్ టొరెంట్ క్లయింట్లలో ఉంది, సింక్‌థింగ్‌లో లేదు. ఏపీఐతో (బయటి ప్రోగ్రాం నుంచి సింక్‌థింగ్‌ని నడిపే దారి) స్క్రిప్ట్ రాసుకోవాలి. అది కూడా లోపమే.

ఏది మార్చినా ముందు కాన్ఫిగ్ ఫైలు కాపీ తీసి పెట్టుకోండి. సాయం కోసం ఆ ఫైలును వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు అందులోని ఏపీఐ కీని, పాస్‌వర్డ్ హ్యాష్‌ని (పాస్‌వర్డ్ నుంచి తయారైన గుర్తు) చెరిపేయండి.