రాష్ట్రం మారే ముందు అబ్బాయి స్థానికత చూసుకోండి

కొత్త ఉద్యోగం కోసం కుటుంబంతో సహా వేరే రాష్ట్రానికి వెళ్లాలా, ఇక్కడే ఉండాలా అని అడిగారు. జీతం తేడా సరే, అసలు చిక్కు తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అబ్బాయిది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద వచ్చిన ఉత్తర్వుల్లో స్థానికత, అంటే స్థానికులకు కేటాయించిన సీట్లకు అర్హత, ప్రధానంగా చదివిన చోటును బట్టి తేలుతుంది. సొంతిల్లు, ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన చాలదు. ఇంటర్ దాకా బయట చదివితే ఇక్కడి కాలేజీ సీట్లకు స్థానికేతరుడు కావచ్చు. పీఎఫ్ గురించి బెంగ వద్దు, ఖాతా మీతోనే వస్తుంది. కారు మాత్రం అక్కడ 12 నెలలు దాటి ఉంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, అదనపు పన్నుతో సహా.

నేనైతే అబ్బాయి ఇంటర్ అయ్యేవరకు మీరొక్కరే వెళ్లిరండి అంటాను. అన్నట్టు, మీ శ్రీమతి ఉద్యోగం సంగతి ప్రశ్నలో ఎక్కడా లేదు. ఆవిడను అడిగారా?