మేనల్లుడికి ఒక రూలు, పరాయి పిల్లాడికి ఇంకో రూలా?

ప్రశ్న: మాది హనుమకొండ దగ్గర ఒక ఊరు. నాకు 46 ఏళ్లు. ఊరి కబడ్డీ క్లబ్‌కు ఇరవై ఏళ్లుగా సెక్రటరీని. మా అక్క కొడుకు టీమ్‌లో మెయిన్ రైడర్. వాడికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. బావ పోయినప్పటి నుంచి వాడి మంచీచెడూ నేనే చూస్తున్నాను. పది రోజుల కింద ప్రాక్టీస్ అయ్యాక, మోకాలి క్యాప్ కోసం వాడి బ్యాగులో చెయ్యి పెడితే గంజాయి పొట్లం, కళ్ల ఎరుపు పోవడానికి వేసుకునే చుక్కల మందు దొరికాయి. ఆర్నెల్ల నుంచి అలవాటని ఒప్పుకున్నాడు. విషయం కోచ్‌కు, కమిటీలో ఇద్దరికి తెలిసింది. "క్లబ్ పేరు పోతది, తీసేద్దాం" అని ఒకాయన. "వచ్చే నెల టోర్నమెంట్ అయ్యేదాకా ఊకుందాం, వాడు లేకుంటే సెమీస్ కూడా రాం" అని ప్రెసిడెంట్. అక్క నా కాళ్ల మీద పడి ఏడ్చింది. రెండేళ్ల కింద ఇదే తప్పుకు ఇంకో పిల్లాణ్ణి తీసేశాం. (అతనిప్పుడు ఎనుమాముల మార్కెట్లో హమాలీ. తాగుడు కూడా మొదలైందని విన్నాను.) ఇప్పుడు వీణ్ణి ఉంచితే ఊళ్లో ఏమంటారో! ఆదివారం మీటింగ్ ఉంది. నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరాన్ని కుదించి పైన ఇచ్చాను. అసలుది నాలుగు పేజీలు. మూడు పేజీలు మేనల్లుడి గురించి, దాదాపు ఒక పేజీ కమిటీ గురించి. ఆ రెండో పిల్లాడికి దక్కింది రెండు మూడు లైన్లు, అందులో సగం బ్రాకెట్లో. అతని దగ్గరికి చివర్లో వస్తాను. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఆ బ్రాకెట్టేనని నా అనుమానం.

ముందు ఆదివారం సంగతి. తీసేద్దామన్నాయనకు క్లబ్ పేరు మీద బెంగ. ఊరుకుందామన్న ప్రెసిడెంట్‌కు కప్పు మీద బెంగ. పిల్లాడి మీద బెంగ ఉన్న మనిషి కమిటీలో ఇంకా నోరు విప్పలేదు. ఇద్దరిలో నాకు ఎక్కువ భయం ప్రెసిడెంట్ మాటతోనే. తీసేస్తే కనీసం తప్పును తప్పన్నట్టయినా ఉంటుంది. టోర్నమెంట్ దాకా ఆగుదామంటే, "కూతకు పోయి పాయింట్లు తెచ్చినన్ని రోజులు నువ్వేం చేసినా నడుస్తది" అని పిల్లాడికి కాగితం రాసిచ్చినట్టే. ఫైనల్ అయిన మర్నాడు అదే కమిటీ వాణ్ణి బయటికి పంపిందనుకోండి, ఇక మీలో ఎవరి మాటా నమ్మడు.

ఆట వైపు నుంచి చూసినా అది పొరపాటే. గంజాయి మత్తులో దూరం అంచనా తప్పుతుంది, కాలూ చెయ్యీ ఆలస్యంగా కదులుతాయి. ముప్పై సెకన్ల కూతలో ఏడుగురి మధ్యలోకి వెళ్లి తిరిగి రావాల్సినవాడికి ఆ కొంచెం ఆలస్యం చాలు, భుజమో మోకాలో పోవడానికి. ఊరి టోర్నమెంట్లలో మూత్ర పరీక్షలు ఎవరూ చేయరు, నిజమే. కానీ మీవాడు రాష్ట్ర జట్టుకు ఎంపికై జాతీయ పోటీలకు వెళితే, నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లు శాంపిల్ అడగొచ్చు. పోటీల సమయంలో గంజాయి నిషిద్ధం. రోజూ తాగేవాడి మూత్రంలో దాని జాడ మానేశాక కూడా వారాల తరబడి కనిపిస్తుంది. "నాలుగు రోజుల ముందు బంద్ చేస్తా మామా" అంటే ఆ లెక్క కుదరదు.

ఇంకో మాట మీ కమిటీకి చెప్పండి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ కూడా మత్తుకు అలవాటుపడిన ఆటగాణ్ణి, గెలవడానికి మందు కొట్టిన ఆటగాణ్ణి ఒకే గాటన కట్టదు. కండల కోసం స్టెరాయిడ్లు వాడితే నిషేధం నాలుగేళ్ల దాకా పోతుంది. గంజాయి, కొకైన్ లాంటివాటికి 2021 నుంచి వేరే పద్ధతి వచ్చింది. పోటీలు లేని సమయంలో, ఆటతో సంబంధం లేకుండా వాడినట్టు తేలితే నిషేధం 3 నెలలు. ఒప్పుకున్న చికిత్స కార్యక్రమం పూర్తి చేస్తే 1 నెలకు తగ్గించవచ్చు. సౌతాఫ్రికా బౌలర్ రబాడ సంగతి మీ పిల్లలకు గుర్తుండే ఉంటుంది. 2025లో ఐపీఎల్ మధ్యలో గుజరాత్ జట్టును వదిలి ఇంటికి వెళ్లాడు. మత్తు పదార్థం పరీక్షలో దొరికాడని తర్వాత తెలిసింది. ఆ కార్యక్రమం పూర్తి చేసి, నెల నిషేధం అనుభవించి తిరిగొచ్చాడు. అదే ఏడాది జూన్‌లో లార్డ్స్‌లో జరిగిన టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో 9 వికెట్లు తీశాడు. మీవాడు రబాడ అవుతాడని కాదు నేను చెప్పేది. శిక్షా, తిరిగొచ్చే దారీ రెండూ ఒకే కాగితం మీద రాయొచ్చని.

మీరూ అలాంటి కాగితమే రాయండి. ఈ టోర్నమెంట్‌కు జెర్సీ లేదు. సెమీస్ పోతే పోనివ్వండి. గ్రౌండ్‌కు మాత్రం రోజూ రావాలి. పొద్దున ఐదున్నరకు వచ్చి మ్యాట్ పరచాలి, సాయంత్రం చిన్నపిల్లలకు స్కోరు రాయాలి, అందరితో వార్మప్ చేయాలి. ఎందుకంటే గంజాయి పిలిచేది సాయంత్రం ఐదుకూ ఏడుకూ మధ్య, చేతిలో పని లేనప్పుడు. సరిగ్గా ఆ వేళకే మనం గేటు మూసేస్తే, వాడు వెళ్లేది పొట్లం ఇచ్చినవాడి దగ్గరికే. క్లబ్‌లో తీసేసిన మర్నాడు మానేసిన కుర్రాణ్ణి నేనింతవరకు చూడలేదు.

దానికి తోడు వైద్యం. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికి తీసుకెళ్లండి. వెళ్లడానికి సిగ్గుపడితే ముందు 14446కు ఫోన్ చేయించండి. వ్యసనాల నుంచి బయటపడేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది. గంజాయి మాన్పించే ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. పని చేసేది ఎక్కువగా కౌన్సెలింగే. మానేసిన ఒకట్రెండు రోజుల్లో చిరాకు మొదలవుతుంది. ఆకలి ఉండదు, నిద్ర పట్టదు, పట్టినా పిచ్చి కలలు. మొదటి వారం గట్టిగా ఉండి, రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. నిద్ర కుదరడానికి ఇంకొంత కాలం పట్టొచ్చు. మీ అక్కకు ఇది ముందే చెప్పి ఉంచండి. లేకపోతే నాలుగో రోజు వాడు కంచం తోసేస్తే "మళ్లీ తాగొచ్చినవా" అని ఆమె ఏడుస్తుంది, తాగనివాడికి కూడా తాగబుద్ధి పుడుతుంది.

కేసు భయం గురించి అడిగారు. ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం కింద గంజాయి తాగినందుకు 6 నెలల దాకా జైలు లేదా 10 వేల దాకా జరిమానా పడొచ్చు, రెండూ పడొచ్చు. కానిస్టేబుల్ ఉద్యోగం కలగంటున్న పిల్లాడికి ఆ కేసు ఎంత బరువో మీకు నేను చెప్పక్కర్లేదు. అదే చట్టంలో 64ఎ సెక్షన్ కూడా ఉంది. తాగినందుకో, కొద్ది మొత్తం దగ్గరున్నందుకో కేసు పడిన, మత్తుకు బానిసైన మనిషి తనంతట తానే ముందుకొచ్చి, ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన చోటో పూర్తిగా చికిత్స తీసుకుంటే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. ఒక్క విషయం మాత్రం వాణ్ణి కూర్చోబెట్టి సూటిగా అడగండి: "టీమ్‌లో ఇంకెవరికైనా ఇచ్చినవా? పైసలు తీసుకున్నవా?" అవునంటే ఇక నేను చెప్పిన కాగితం పనికిరాదు. ముందు వకీలును కలవండి, కమిటీ గదిలో మాత్రం కప్పిపుచ్చకండి. తాగేవాణ్ణి కాపాడుకోవచ్చు. అమ్మేవాణ్ణి కాపాడితే మిగతా పదకొండు మంది ఇళ్లకు మీరే జవాబు చెప్పాలి.

కోచ్ మూత్ర పరీక్ష కిట్లు తెప్పించి, అందర్నీ వరసగా నిలబెట్టి చూద్దామన్నాడని రాశారు. వద్దు. ఆ కిట్ నిన్న తాగినవాడికీ, మూడు వారాల కింద మానేసినవాడికీ ఒకే గీత చూపించొచ్చు. ఒక్కోసారి తప్పు కూడా చెబుతుంది. ఆ గీతను పట్టుకుని ఎవరో వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు, తర్వాత ఏ పిల్లాడి పెళ్లి సంబంధం దగ్గరో అది బయటికొస్తుంది. పరీక్ష కావాలో వద్దో డాక్టర్ చెప్పాలి. ఇప్పుడు తెలిసినవాళ్లందరికీ ఒట్టు పెట్టించండి, కమిటీ దాటి ఇంకో చెవిన పడకూడదు.

మధ్యలో ఒకటి అడగాలనిపిస్తోంది, కోపం తెచ్చుకోకండి. మీ క్లబ్ జెర్సీల స్పాన్సర్ వైన్ షాపాయన అని మీరే రాశారు. గెలిచిన రాత్రి ప్రెసిడెంట్ బీరు కేసు తెప్పిస్తాడనీ రాశారు. మీ బావ దేనితో పోయాడో కూడా రాశారు. ఆ బీరు కేసు చుట్టూ కూర్చున్న పెద్దమనుషులే గంజాయి మీద తీర్పు చెబితే పంతొమ్మిదేళ్లవాడు లోపల నవ్వుకుంటాడు. కాగితంలో అదీ ఒక లైను రాయండి.

ఇక మీ సంగతి. ఆదివారం మీరు మీటింగ్‌లో ఉండండి, కానీ వాడి విషయంలో చెయ్యి ఎత్తకండి. "నేను మేనమామను, ఇది మీరే తేల్చండి" అని పక్కకు జరగండి. జెర్సీ వద్దని చెప్పేది కోచ్ కావాలి. ఇంట్లో వాడికి మామ మిగలాలి కదా. సెక్రటరీగా తిట్టి, మామగా బుజ్జగించి, రెండూ ఒకే పూట చేస్తే వాడికి మీలో ఎవరితో మాట్లాడాలో తెలియదు.

ఊళ్లో ఏమంటారో అన్నారు. అంటారు. "అక్క కొడుకని ఉంచిండు" అంటారు. అందులో నిజముందని మీకూ తెలుసు. బ్యాగులో పొట్లం దొరికింది పరాయి పిల్లాడి దగ్గరైతే ఈ ఉత్తరం నాకు వచ్చేదే కాదు. రెండేళ్ల కింద రాలేదు కదా.

అందుకే ఆ కాగితం మీద మొదటి పేరు మీ మేనల్లుడిది కాకూడదు. ఆదివారం కంటే ముందే, బస్తాలు దించి ఇంటికొచ్చే వేళ చూసుకుని, ఆ పిల్లాడి ఇంటికి వెళ్లండి. ఒక్కరే వెళ్లండి, కమిటీని వెంటేసుకుపోవద్దు. "అప్పుడు నీకు ఒక్క అవకాశం కూడా ఇయ్యలే, తప్పు మాదే" అని చెప్పి, గ్రౌండ్‌కు రమ్మనండి, ఆసుపత్రికి తోడొస్తానని చెప్పండి. అతను తిడితే తిట్లు తినండి. తలుపు తీయకపోతే వచ్చే వారం మళ్లీ వెళ్లండి. మేనల్లుడికి రాసే ప్రతి లైనూ అతనికీ వర్తిస్తుందని మీటింగ్‌లో చదివి వినిపించండి.

అతను కూడా మంచి రైడరేనని రాశారు. టోర్నమెంట్‌కు మనిషి దొరుకుతాడన్న ఆలోచన మనసులో ఏ మూల ఉన్నా, ఆ రోజు మాత్రం వెళ్లకండి.