డాలస్ ప్రయాణానికి టికెట్లు తీసుకునే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమ్మానాన్నలను డాలస్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి పంపడానికి టికెట్లు చూస్తున్నానని, దూరమెంతో, ఎన్ని గంటలు పడుతుందో చెప్పమని అడిగావు. మీ అత్తయ్యతో పలుమార్లు ఆ దారిలో వెళ్ళివచ్చినవాడిని కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

శంషాబాద్ నుంచి డాలస్‌కు భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. అది ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. నేరుగా వెళ్ళే విమానం లేదు కనుక దుబాయ్ మీదుగా చూద్దాం. దుబాయ్‌కి దాదాపు 2,550, అక్కడి నుంచి డాలస్‌కు 12,900 కిలోమీటర్లు. చుట్టుదారి వల్ల పెరిగేది వెయ్యి కిలోమీటర్లే, అంటే గాలిలో గంటకు కాస్త ఎక్కువ. మొదటి విమానం నాలుగు గంటలు, రెండవది పదహారు గంటలు తీసుకుంటాయి. ప్రయాణ సమయం బాగా పెరిగేదల్లా మధ్యలో ఆగే చోటనే.

టికెట్టు మీద వేసే వేళలన్నీ ఆయా ఊళ్ళ గడియారం ప్రకారం ఉంటాయి. డిసెంబరులో తెల్లవారుజామున 4 గంటలకు ఇక్కడ బయలుదేరి, అదే రోజు మధ్యాహ్నం 3:30కి డాలస్‌లో దిగుతారని కనిపిస్తే, అది పదకొండున్నర గంటల ప్రయాణమని అనుకోవద్దు. మనకంటే డాలస్ చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది కనుక నిజంగా గడిచేది 23 గంటలు. మార్చి రెండవ ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఆ తేడా పదిన్నర గంటలే. నాన్నగారి ఇన్సులిన్ వేళలను ఈ గడిచే గంటలను బట్టి డాక్టరుగారి చేత ముందే రాయించు. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి.

మధ్యలో గంటన్నర మాత్రమే ఆగే టికెట్టు చవకగా వచ్చినా తీసుకోవద్దు. మొదటి విమానం కాస్త ఆలస్యమైతే, ఆ పెద్ద విమానాశ్రయంలో వాళ్ళు పరుగెత్తలేరు. మూడు నాలుగు గంటలు ఉంటే నిదానంగా నడిచి, ఏదైనా తిని, కాళ్ళు చాపుకుంటారు. రెండు విమానాలూ ఒకే టికెట్టులో ఉండాలన్నది నా గట్టి మాట. అలా ఉంటే ఒకటి తప్పినా తరువాతి దానిలో పంపే బాధ్యత విమాన సంస్థదే అవుతుంది. న్యూయార్క్ వంటి చోట మారే టికెట్టయితే ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది, పెట్టెలు కూడా అక్కడే తీసుకుని మళ్ళీ అప్పగించాలి. ఇంగ్లీషు అంతగా రాని అమ్మకు అది కష్టం. డాలస్‌లోనే దిగితే ఆ పనులన్నీ తమ్ముడు ఎదురుచూసే ఊళ్ళోనే ముగుస్తాయి. చక్రాల కుర్చీ కావాలని టికెట్టు తీసుకునేటప్పుడే రాయించు.

వెళ్ళేటప్పుడు ఎదురయ్యే పడమటి పైగాలి తిరుగు ప్రయాణంలో తోడై గంట దాకా కలిసివస్తుంది. అయినా డాలస్‌లో మధ్యాహ్నం ఎక్కినవాళ్ళు ఇక్కడ దిగేసరికి మరునాటి రాత్రి అవుతుంది కాబట్టి, కారుకు తేదీ సరిచూసుకుని చెప్పు. డబ్బు కట్టే ముందు టికెట్టు వివరాలు నాకు పంపితే వేళలు ఒకసారి లెక్కగట్టి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య