పచ్చళ్ల కస్టమర్ల రివ్యూలకు ఎలా జవాబివ్వాలి? అన్నిటికీ ఇవ్వాలా?

ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టామని, గూగుల్‌లో, వాట్సాప్‌లో కస్టమర్లు రాసేవాటికి ఏం చెప్పాలో తెలియట్లేదని, చెడ్డ రివ్యూ వస్తే టెన్షన్‌గా ఉంటోందని అడిగారు. తెనాలిలో మా అత్తయ్యగారు, నేను ఇదే పని చేస్తున్నాం. ఆర్డర్లు, జవాబులు నా వంతు కాబట్టి నా అనుభవం చెబుతాను.

మెచ్చుకున్నవాళ్లకు రెండు మాటలు చాలు. కాకపోతే అందరికీ ఒకే "ధన్యవాదాలు" అతికించకండి. గోంగూర తీసుకున్నవాళ్లయితే గోంగూర మాటే ఎత్తండి.

అసలు పని ఫిర్యాదుల దగ్గర. హైదరాబాద్ నుంచి ఒకావిడ "ఆవకాయ పైన తెల్లగా వచ్చింది, డబ్బులు దండగ" అని ఒక్క స్టార్ ఇచ్చారు. "తడి గరిటె పెట్టి ఉంటారు" అనే మాట ఎవరికైనా నోటిదాకా వస్తుంది. నిజమే అయినా రాయకూడదండీ. తప్పు కస్టమర్ మీదకు నెట్టేస్తున్నారనే చదివేవాళ్లు అనుకుంటారు. నేను ముందు ఫోన్ చేసి, ఆ పచ్చడి ఇక తినొద్దని చెప్పాను. తినే వస్తువు కదా, బూజు అన్నారంటే మిగతావన్నీ ఆ తర్వాతే. సీసా ఫొటో, లేబుల్ మీది బ్యాచ్ నంబర్ పంపమన్నాను. ఫొటోలో నూనె సగం దాకానే ఉంది, పై ముక్కలు పొడిగా ఉన్నాయి. పిల్లలకు ఇష్టమని పైన తేలిన నూనె, ఊట వేసి అన్నం కలుపుతున్నారట. అదే బ్యాచ్‌ది మా దగ్గరున్న జాడీ తీసి చూస్తే శుభ్రంగా ఉంది.

అప్పుడు రివ్యూ కింద ఇలా రాశాను: "అమ్మా, అదే బ్యాచ్ జాడీ తీసి చూశాం, బాగుంది. మీ సీసాలో నూనె తగ్గి, పై ముక్కలకు గాలి తగిలినట్టుంది. వేరే సీసా ఈరోజే పంపుతున్నాం. నూనె తగ్గితే నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లార్చి, ముక్కలు మునిగేదాకా పోయండి." ఆవిడ స్టార్లు మార్చలేదు. కానీ ఆ జవాబు చదివి మాకు ఆర్డర్ పెట్టామన్నవాళ్లు ఉన్నారు. ఇప్పుడు ఆ నూనె సంగతి చీటీ మీద అచ్చువేసి ప్రతి పార్సెల్‌లో పెడుతున్నాం.

అందుకే "అసౌకర్యానికి చింతిస్తున్నాం" లాంటి మాటలు నాకు నచ్చవు. ఏం జరిగింది, మీరేం చేస్తున్నారు అన్నది చెప్పాలి. కొత్తావకాయ చిరుచేదుగా ఉందని ఎవరైనా అంటే, అది ఆవపిండి వల్లనీ, ఊరేకొద్దీ తగ్గుతుందనీ చెప్పండి. కొన్ని వారాలయ్యాక మీరే మళ్లీ పలకరించండి. పార్సెల్‌లో నూనె కారితే తప్పు కొరియర్‌వాళ్లదేనని రాయకండి. కస్టమర్లు డబ్బు కట్టింది మీకు.

ఇక రేటు. "బయట సగానికే దొరుకుతుంది" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 2025లో రేటు గురించి అడిగిన కస్టమర్‌కు ఒక పచ్చళ్ల వ్యాపారం నుంచి వెళ్లిన బూతుల ఆడియో ఎంత దూరం పాకిందో మీరూ చూసే ఉంటారు. రేటు అడగడం అవమానం కాదు, కొనేవాళ్ల హక్కు. మేం గానుగ నూనె వాడతామని, టెంక ముదిరిన కాయే కొట్టిస్తామని చెబుతాను. పావుకిలో సీసా కూడా ఉందంటాను. కొనకపోయినా సరే, మాట మర్యాదగానే ముగుస్తుంది. నాకు కోపం వచ్చిన రోజు మాత్రం జవాబు అత్తయ్యగారికి చదివి వినిపించాకే పెడతాను. ఆవిడ సగం కొట్టేయిస్తారు.

డిస్కౌంట్ ఇస్తాం, అయిదు స్టార్లు ఇవ్వండి అని మాత్రం అడగకండి. గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు. అసలు కొననివాళ్లు చెడ్డ రివ్యూ రాస్తే గూగుల్‌కు రిపోర్ట్ చేయండి. బాగాలేదని రాసినంత మాత్రాన గూగుల్‌వాళ్లు తీసేయరు, నకిలీ అనో, నిబంధనలకు విరుద్ధమనో తేలితేనే తీస్తారు. ఈలోగా దాని కింద "ఈ పేరుతో మా దగ్గర ఆర్డర్ కనిపించలేదండీ, బిల్లు నంబర్ చెబితే వెంటనే చూస్తాం" అని ఒక్కసారి రాసి వదిలేయండి. వాళ్లు రెచ్చగొట్టినా రెండో జవాబు వద్దు.