ఫొటో అంచులు వెనక రంగులో కలిసిపోవాలంటే?

ప్రశ్న: నా వెబ్‌పేజీలో పైన ఒక పెద్ద ఫొటో, దాని వెనక రెండు రంగుల గ్రేడియంట్ ఉన్నాయి. ఫొటో అంచులు కత్తితో కోసినట్టు కనిపిస్తున్నాయి. బోర్డర్-రేడియస్ ఇస్తే మూలలు గుండ్రంగా అయ్యాయంతే. బ్లర్ ఇస్తే ఫొటో మొత్తం మసకబారింది. ఇన్‌సెట్ బాక్స్-షాడో ఇస్తే అసలు కనబడనే లేదు. ఫొటోని మళ్లీ ఎడిట్ చేయకుండా సీఎస్ఎస్‌తోనే అంచులు కరిగిపోయేలా చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. మీకు కావాల్సింది మాస్క్-ఇమేజ్, అంటే ఫొటోలో ఏ భాగం కనబడాలో, ఏది కనబడకూడదో చెప్పే సీఎస్ఎస్ ప్రాపర్టీ.

ముందు ఆ షాడో సంగతి. ఇన్‌సెట్ షాడోని బ్రౌజర్ బ్యాక్‌గ్రౌండ్‌కి పైన, కంటెంట్‌కి కింద గీస్తుంది. ఇమేజ్ ట్యాగ్‌లో ఫొటోనే కంటెంట్ కాబట్టి షాడో దాని కింద పడిపోయింది. ఫొటోని ఒక డివ్‌లో పెట్టి, ఆ డివ్‌కి ఆఫ్టర్ సూడో ఎలిమెంట్ (హెచ్‌టీఎంఎల్‌లో రాయకుండా సీఎస్ఎస్‌తోనే పుట్టించే భాగం) ఇచ్చి, ఫొటో మీద పరిచి, షాడో దానికిస్తే కనబడుతుంది. కానీ షాడో రంగు పేజీ రంగుతో కలవాలి, మీ వెనకేమో గ్రేడియంట్, ఏదో ఒక వైపు తేడా కొడుతుంది. ఒకే రంగు పేజీ అయితే ఆ పద్ధతి హాయిగా సరిపోయేది.

మాస్క్‌కి ఆ బాధ లేదు, అది ఫొటోనే పారదర్శకం చేస్తుంది. లీనియర్-గ్రేడియంట్ తీసుకుని, ఎడమ చివర ట్రాన్స్‌పరెంట్, 40 పిక్సెల్స్ దగ్గర బ్లాక్, కుడి చివరికి 40 పిక్సెల్స్ ముందు వరకూ బ్లాక్, చివర మళ్లీ ట్రాన్స్‌పరెంట్ ఇవ్వండి. ఇక్కడ బ్లాక్ బదులు వైట్ రాసినా తేడా ఉండదు, గ్రేడియంట్ మాస్క్‌లో రంగుని కాదు, అది ఎంత పారదర్శకమన్నదే చూస్తారు. ఫొటో ఎడిటింగ్ అలవాటున్నవాళ్లు ఇక్కడే తికమకపడతారు. శాతాల్లో ఇవ్వొచ్చు గానీ పెద్ద స్క్రీన్ మీద ఫొటోలో చాలా భాగం పోతుంది, నేనైతే పిక్సెల్సే ఇస్తాను.

నాలుగు వైపులా కావాలంటే పైనుంచి కిందికి ఇంకో గ్రేడియంట్‌ని కామాతో కలపాలి, అయితే అంతటితో ఆపితే అంచులు దాదాపు ఎప్పటిలాగే ఉంటాయి, ఎందుకంటే మామూలుగా రెండు మాస్క్‌లూ ఒకదానికొకటి కూడిపోతాయి, ఒకటి దాచిన అంచుని రెండోది మళ్లీ చూపించేస్తుంది, మూలలు మాత్రమే కరుగుతాయి. మాస్క్‌లు ఎలా కలవాలో చెప్పే మాస్క్-కాంపోజిట్‌కి ఇంటర్‌సెక్ట్ ఇస్తే రెండు మాస్క్‌లూ చూపించే చోటే ఫొటో కనబడుతుంది, సమస్య తీరుతుంది.

ఇదంతా పెట్టాక కూడా కరగడం మొదలైన చోట సన్నటి గీతలా అనిపిస్తే మధ్యలో మెట్లు వేయండి: 10 పిక్సెల్స్ దగ్గర 0.15, 30 దగ్గర 0.85 ఆల్ఫా ఉన్న నలుపు (ఆల్ఫా 0 అంటే పూర్తి పారదర్శకం, 1 అంటే అసలు పారదర్శకం కాదు). చిన్న మార్పే, కంటికి మాత్రం బాగా తెలుస్తుంది.

క్రోమ్‌లో వెబ్‌కిట్ ప్రిఫిక్స్ (ప్రాపర్టీ పేరు ముందు పెట్టే -webkit-) అవసరం పోయింది 2023 డిసెంబర్‌లో వచ్చిన 120వ వెర్షన్ నుంచే. పాత ఫోన్లున్నవాళ్లు మీ పేజీ చూస్తారనుకుంటే ప్రిఫిక్స్ ఉన్న లైన్ కూడా ముందు రాయండి, దాని కాంపోజిట్‌కి మాత్రం ఇంటర్‌సెక్ట్ కాదు, సోర్స్-ఇన్ ఇవ్వాలి.

ఇంకోటి, మాస్క్‌ని ఫొటోకే ఇవ్వండి, ఫొటో, హెడ్డింగ్, బటన్ అన్నీ ఉన్న డివ్‌కి ఇచ్చారంటే అంచు దగ్గరున్న అక్షరాలూ, బటన్ చుట్టూ వచ్చే ఫోకస్ గీతా కూడా కరిగిపోతాయి.